కుడి చెంప మీద చెయ్యి

చిట్టా 1. పాటు వేళ

పడవ దిగేసరికి సముద్రం వెనక్కి తీసింది. ఏడో కట్ట పొడవునా బురద కంపు. నన్ను కలుసుకోవడానికి బడి నుంచి ఒక్కరూ రాలేదు. సామాను భుజానేసుకుని గేట్ల మీదుగా నేనే నడిచాను. పోటు నీళ్ళను ఆపే గేట్లవి, ఒక్కొక్కటీ మూడంతస్తుల మేడంత ఎత్తు. వాటికి తాళ్ళు కట్టుకుని వేలాడుతూ ఆడవాళ్ళు సుత్తులతో తుప్పు కొడుతున్నారు. ఆ మోతకి కాళ్ళ కింద ఇనుప పలకలు వణుకుతున్నాయి.

ఈ చిట్టా పలకకు మాట చెబితే చాలు, అదే రాసుకుంటుంది. ఈమధ్య మా శిక్షణ సంస్థవాళ్ళు దీనికి మర్యాద కూడా నేర్పారు. ‘కంపు’ అనగానే ‘సముద్రపు గాలి అని మార్చమంటారా?’ అని అడిగింది. అక్కర్లేదన్నాను. కంపును కంపు అనడానికే నాకు జీతమిస్తున్నారు.

వచ్చిన పని ఇది. ఇక్కడి బడిలో పదకొండుమంది టీచర్లు. మిగతావాళ్ళలా చూడలేని, వినలేని, మాట్లాడలేని, కుదురుగా కూర్చోలేని పిల్లలను వేరు చేయకుండా అందరితో కలిపి కూర్చోబెట్టి ఎలా చదువు చెప్పాలో వాళ్ళకు శిక్షణ పూర్తయింది. ఇచ్చింది మనిషి కాదు, టోపీ. నేను చివరి పరీక్ష పెట్టి సంతకం చేయాలి.

హెడ్మాస్టరు సత్యంనాయుడు గుమ్మంలోనే ఎదురై గుసగుసగా మాట్లాడాడు. ఇక్కడ అందరూ గుసగుసలే. ఎందుకో రేపు చెబుతాను.

“పరీక్ష ఎందుకండీ మేడమ్, మావాళ్ళందరూ ఏడ్చేశారు” అన్నాడు.

“ఏడిస్తే?”

“టోపీ పెట్టుకున్న ప్రతివాళ్ళూ ఏడ్చారండి. కరుణ టీచరైతే రెండు పూటలు ముద్ద ముట్టలేదు. మార్కులు దానికే కదా మరి!”

నిజమే, దానికే. ఒక పిల్లకు ఒక రోజంతా తెలిసినదాన్ని, అంటే మోత, తాకిడి, బాధ, వీటిని పట్టి టోపీలో నింపుతారు. టీచరు దాన్ని పెట్టుకుని ఆ పిల్లయిపోతాడు. గుండె ఎంత కరిగిందో టోపీయే కొలుస్తుంది. గీత దాటితే పాసు. కరగడం ఒక అర్హత అయినప్పటినుంచీ మా వృత్తి ఇలా తగలడింది.

అప్పుడే ఆ టోపీలోని పిల్ల వచ్చింది. నూకరత్నం. తొమ్మిదేళ్ళు, మాట లేదు. ఏ మూల నుంచి ఎవరు పిలిచినా చూడదు గానీ, మనం చూడని ప్రతిదీ చూస్తుంది. ఆమె వసారాలోకి అడుగు పెట్టగానే టీచర్లందరూ వరసగా నిలబడి, కుడి అరచెయ్యి కుడి చెంపకు ఆనించుకుని, తల ఒక పక్కకు వాల్చారు. ఒకేసారి, కవాతు చేసినట్టు.

“ఇదేంటి?” అన్నాను.

“ఆత్మీయ వందనం మేడమ్” అంది కరుణ. పాతికేళ్ళ పిల్ల, కళ్ళల్లో నీళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. “టోపీ తీసేసరికి అందరి చెయ్యీ అక్కడే ఉంటుంది. ఎవరూ నేర్పలేదు. లోపలినుంచి వచ్చింది. నూకరత్నం కనిపిస్తే ఇలా పలకరించాలని మేమే నియమం పెట్టుకున్నాం.”

గోడ మీద ఆ భంగిమలో బొమ్మ కూడా వేయించారు. నా ఒళ్ళు మండిపోయింది. ఏదో ఒకటి అనేలోపే నూకరత్నం పరుగెత్తుకొచ్చి బిగించిన పిడికిలి కరుణ నోట్లోకి నెట్టబోయింది. కరుణ పెదాలు బిగించుకుంది, గుసగుసగానే కేక పెట్టింది. ఇద్దరు వచ్చి పిల్లను వెనక్కి లాగేశారు.

“చూశారుగా” అన్నాడు నాయుడు, సరుకు చూపించే వ్యాపారిలా. “ఇదీ వరస.”


చిట్టా 2. పోటు వేళ

తరగతిలో కూర్చున్నాను. గోడల నిండా దూది మెత్తలు. కంచాలకూ గ్లాసులకూ కూడా గుడ్డలు చుట్టారు. కిటికీలు మూసేశారు. పిల్లలు చెప్పుల్లేకుండా మునివేళ్ళ మీద నడుస్తున్నారు. పాఠం గుసగుస, జవాబు గుసగుస, తిట్టు కూడా గుసగుసే. నూకరత్నానికి నమిలే తిండి పెట్టరు, జావ పోస్తారు. మంచినీళ్ళు గోరువెచ్చగా కాచి ఇస్తారు. ఇదంతా టోపీ చెప్పింది. మోత విన్నప్పుడల్లా టోపీలో ప్రాణం పోయేంత బాధ. చల్లటి నీళ్ళు తగిలితే కళ్ళు బైర్లు కమ్ముతాయి. కాబట్టి ఇలాంటి పిల్లలకు ఇవి పడవని తేల్చేశారు.

నూకరత్నం పూటంతా దూది మెత్తను గోళ్ళతో పీకుతూనే ఉంది. పీకి, లోపలి గోడ కనబడిన చోట చెవి ఆనించింది. కరుణ వచ్చి ఆ చిల్లు మీద ఇంకో మెత్త అంటించింది. ఎంత ప్రేమగా అంటించిందంటే నాకు ఆ మెత్త పెట్టి ఆమెనే కొట్టాలనిపించింది.

‘కొట్టాలనిపించింది’ అన్న మాట మార్చమంటారా అని పలక అడుగుతోంది. నోరు మూసుకుని రాయి.

సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి నా పరీక్ష మొదలుపెట్టాను. నా పరీక్షలో ఒకటే ప్రశ్న. పిల్ల ఏం చేసిందో చెప్పండి. మీకేమనిపించిందో వద్దు.

“లోకమంతా తనకు శత్రువులా...” అని కరుణ మొదలుపెట్టింది.

“ఏం చేసింది?”

“లోపల నరకం అనుభవిస్తూ...”

“అమ్మా, చేతులు ఏం చేశాయి? కాళ్ళు ఏం చేశాయి? నువ్వు చూశావా, లేదా?”

కరుణ ఏడ్చింది. నేను ఆగలేదు. పదకొండుమందిలో ఒక్కరంటే ఒక్కరు ఆ పిల్ల వేళ్ళను గమనించలేదు. లెక్కల మాస్టారు పోలినాయుడు ఒక్కడే కాస్త పనికొచ్చే మాట అన్నాడు, అదీ విసుగుతో.

“ఏం చేసిందంటే, నా నోట్లో తుప్పు కుక్కిందండి. దాని మేనత్త పని చేసే గేట్ల దగ్గర ఏరుకొస్తుంది.”

“తుప్పని ఎలా తెలుసు?”

“నల్లగా, గరుగ్గా, పుల్లముక్కలా ఉంది. ఊసేశాను. ఇక్కడ ఊయనివాళ్ళు ఎవరున్నారు? అందరి నోళ్ళమీదా పడింది. పెదవి చిట్లిన వాళ్ళున్నారు.”

“మిగతా పిల్లల నోట్లో కూడా పెడుతుందా?”

“లేదు. మామీదే కసి.”

అందరూ వెళ్ళాక హెడ్మాస్టరు నాయుడు అసలు సంగతి కక్కాడు. నా పరీక్ష అయిన వెంటనే పెద్దల సభ. టీచర్ల శిక్షణలో ఏ లోటూ లేదని సంస్థ రాసిచ్చాక కూడా పిల్ల ఇమడకపోతే, లోపం పిల్లదే అవుతుంది. అలాంటి పిల్లలకు ‘నిమ్మళం’ ఉంది. అది లోతునీళ్ళలో లంగరేసిన ఓడ. మోత లేదు, తోటి పిల్లలు లేరు. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఒడ్డుకు తేరు.

“అంటే టీచర్లు ఎంత బాగా నేర్చుకుంటే ఆ పిల్ల అంత త్వరగా పోతుంది” అన్నాను.

“అలా కటువుగా అనకండి. చట్టం పిల్లల మంచికే కదండీ. శిక్షణ లేని బడి నుంచి పిల్లను కదపకూడదని అదే చట్టం చెబుతోంది. మేం శిక్షణ పూర్తి చేశాం.”

ఇన్నేళ్ళుగా సంతకాలు పెడుతున్నాను. వాటిలో ఒక్కటి ఇలా ఓడ ఎక్కించేది కావచ్చని ఎవరూ నాకు చెప్పలేదు. నాయుడు మీద కోపం వచ్చింది, సంస్థ మీద ఇంకా ఎక్కువ వచ్చింది.


చిట్టా 3. పాటు వేళ

నూకరత్నం మేనత్త దాలమ్మను కలవడానికి గేట్ల దగ్గరికి వెళ్ళాను. తల్లీ తండ్రీ తుఫానులో పోతే ఈమే పెంచుతోంది. నన్ను చూసి సుత్తి దించలేదు.

“సంతకమెట్టడానికొచ్చినావిడివి నువ్వేనా?”

“ఇంకా పెట్టలేదు.”

“ఎట్టీ! ఎట్టీసి ఎల్లిపో. మా గుంటని ఓడెక్కించీసి మీరందరూ సెంపలట్టుకుని ఏడండి. అదొకటి నేర్సినారు గదా!”

ఆమె వెనకాల నూకరత్నం కనిపించింది. బడిలో దూది పీకే పిల్ల కాదు. ఇనుప పలక మీద బోర్లా పడుకుంది. పైన సుత్తులు దిగినప్పుడల్లా పలక అదురుతోంది, అదిరినప్పుడల్లా పిల్ల పొట్ట పట్టుకుని నవ్వుతోంది. చేతిలో పాత పానా. దాంతో తనూ కొడుతోంది. అత్త సుత్తికి, పక్కావిడ సుత్తికి మధ్య ఖాళీ వస్తే, సరిగ్గా ఆ ఖాళీలో. ఒక్కటీ తప్పలేదు. తర్వాత లేచి కుండలో నీళ్ళు ముంచుకుని గటగటా తాగింది. చెయ్యి పెట్టి చూశాను, జివ్వుమన్నాయి.

“చల్లనీళ్ళు పడవన్నారే బడిలో!”

“ఎవులన్నారు? పుట్టినకాణ్ణుంచీ అయ్యే తాగుతాది. బడిలో ఉడుకునీల్లిత్తే తాగదు, ఎండిపోయి ఇంటికొత్తాది.”

“ఇంత మోతకి భయపడదా?”

“మోత నేకపోతే నిద్రే పోదు. సముద్రం తగ్గిన రోజున మంచం కోడు నాను కొట్టాల.”

దాలమ్మ దేవత కాదు. పిల్లను కొడతానని కూడా చెప్పింది. “సూడమ్మా, నాను ఓడలోల్ల కాళ్ళా ఏళ్ళా పడి తెచ్చుకున్న దినుసులు డబ్బాలోంచి మాయం సేసేత్తంది. తిన్నా బాగుణ్ణు, తినదు. గుప్పిట్లో ఎట్టుకుని బడికెల్లిపోద్ది. నిన్న వీపు సీరినాను.”

చీరినందుకు ఆమెకు బాధ ఉన్నట్టు కూడా కనబడలేదు. నాకు ఆమె కూడా నచ్చలేదు. ఈ కట్ట మీద నాకు ఇంతవరకు నచ్చింది ఆ పానా దెబ్బ ఒక్కటే.

టోపీలో ఉన్నది ఈ పిల్లే అంటున్నారు. మరి టోపీ చెప్పేదానికీ నేను చూసినదానికీ ఒక్క ముక్క కలవడం లేదు. ఆ దిక్కుమాలిన టోపీని నేనెప్పుడూ పెట్టుకోలేదు. పెట్టుకోనని శపథం పట్టినదాన్ని. రేపు పెట్టుకోక తప్పేలా లేదు.


చిట్టా 4. పోటు వేళ

పెట్టుకున్నాను.

మొదట మోత వచ్చింది. దానితో పాటే కుడివైపు కింద, దవడ చివర, ఒక సలుపు. చెవిలోకి పాకింది, కణతలోకి ఎక్కింది. సుత్తి పడినప్పుడల్లా ఎముకలో మేకు దిగినట్టయింది. ఎవరో చల్లనీళ్ళు పట్టారు, ప్రాణం పైకి లేచిపోయింది. నా చెయ్యి దానంతటదే లేచి కుడి చెంప పట్టుకుంది.

టోపీ పీకి అవతల పారేశాను. కరుణ పరుగున వచ్చింది. “మీకూ తెలిసింది కదా మేడమ్! ఆ పిల్ల లోకం ఎంత...”

“లోకం కాదు తల్లీ. పన్ను.”

ఆమెకు అర్థం కాలేదు. నాయుడికీ అర్థం కాలేదు. వాళ్ళ తప్పు కాదనాలి, కానీ అనబుద్ధి కావడం లేదు. కట్ట మీద ఉద్యోగస్తుల బిడ్డలకు ఊయలలోనే పంటి పూత వేస్తారు. ఆ పూత పడితే పన్ను పుచ్చదు, పుచ్చకపోతే నొప్పి లేదు. వీళ్ళ తాతల కాలం నుంచీ ఇదే. నేను వరద శిబిరంలో పెరిగిన మనిషిని. నాకు పూత ఇరవై రెండో ఏట పడింది. అప్పటికి రెండు దవడ పళ్ళు పోయాయి. ఆ సలుపును నేను చచ్చినా మరిచిపోను.

“పన్నుకు నొప్పేంటి మేడమ్?” అన్నాడు నాయుడు. “గోరుకు నొప్పి వస్తుందా? జుట్టుకు వస్తుందా?”

“గేట్ల మీద పనిచేసేవాళ్ళ పిల్లలకు మీరు పూత వేయరుగా. వాళ్ళను అడగండి, వస్తుందో రాదో.”

తిన్నగా దాలమ్మ దగ్గరికి వెళ్ళాను. టోపీవాళ్ళు వచ్చిన రోజు గుర్తుందా అని అడిగాను.

“గేపకం నేకేం! దవడపన్ను పుచ్చిపోయి సెంప ఇంత లావున వాసిపోనాది. ఇయ్యాల వొద్దు బాబూ, నొప్పి తగ్గినాక రండి అని సెప్పినాను. ‘ఇలగ ఏడిసే పిల్లే కావాల, బాగా పడతాది’ అన్నారు. లవంగం దవడకెట్టి, నోరు మూసి నొక్కిపట్టి, అలగే కూకోబెట్టినాను. మర్నాడు పన్ను పీకించీసినాం.”

టోపీ రుచినీ వాసననూ పట్టలేదు. లవంగం అందులో లేదు. నొప్పి మాత్రం ఉంది.

తిరిగొచ్చి నాయుణ్ణి నిలదీశాను. అతను తెల్లమొహం వేశాడు, తర్వాత మొండికేశాడు. “ఈ రికార్డు ఒక్క మా బడిది కాదండి. నమూనా రికార్డు. అన్ని కట్టల్లోనూ ఇదే వాడుతున్నారు. ఇలాంటి పిల్లలందరికీ ఇదే శిక్షణ.”

కట్టకట్టకీ బడి, బడిబడికీ దూది గోడలు, మునివేళ్ళ నడకలు, జావ, ఉడుకునీళ్ళు, చెంప మీద చెయ్యి. ఒక పిల్ల పుచ్చుపన్నును పట్టుకుని దేశంలో ఉన్న మాటరాని పిల్లలందరికీ చదువు చెబుతున్నాం. ఎంతమందిని ఓడ ఎక్కించామో!

“సభ వాయిదా వెయ్యండి” అన్నాను.

“కుదరదండి. నీళ్ళు వెనక్కి తియ్యగానే సభ. పన్ను మాట అలా ఉంచండి, పిల్ల టీచర్ల మీద పడడం నిజమా కాదా? నోట్లో తుప్పు కుక్కడం నిజమా కాదా?”

నొప్పి ఎప్పుడో పోయింది, పన్ను ఎప్పుడో ఊడింది. మరి ఈ పిల్ల టీచర్ల నోళ్ళ వెంట ఎందుకు పడుతోంది? జవాబు లేకపోతే ఓడ ఎక్కిస్తారు. నా మీద నాకే చిరాకు వేస్తోంది.


చిట్టా 5. పాటు వేళ

సభ బడి హాల్లోనే. దూది గోడల మధ్య కట్ట పెద్దలు ముగ్గురు కూర్చుని గుసగుసగా దగ్గుకుంటున్నారు. దాలమ్మ సుత్తితో సహా వచ్చింది. తీసి బయట పెట్టమంటే పెట్టలేదు. నేను టోపీ గురించి చెప్పాను. గట్టిగా, మామూలు గొంతుతో. ఇద్దరు పెద్దలు చెవులు మూసుకున్నారు. మూడోవాడు, అందరికంటే పెద్దాయన, నాయుడి ప్రశ్నే అడిగాడు. రికార్డు తప్పే అనుకుందాం, పిల్ల టీచర్ల మీద పడడం తప్పు కాదా?

“పిల్లను పిలవండి” అన్నాను.

నూకరత్నం వచ్చింది. టీచర్లు అలవాటుగా లేచారు. పదకొండు చేతులు పదకొండు చెంపల మీదికి వెళ్ళాయి. పిల్ల ముఖం చూశాను. మొదటిసారి సరిగ్గా చూశాను. కోపం లేదు, కసి లేదు. ఒక వరస నుంచి ఇంకో వరసకు చూస్తోంది. ఇంట్లో అందరికీ ఒకేసారి జ్వరం వస్తే, ఎవరి దగ్గర ముందు కూర్చోవాలో తెలియని మనిషి చూసే చూపు అది. పిడికిలి బిగించి పోలినాయుడి వైపు పరుగెత్తింది. అతను నోరు మూసుకుని వెనక్కి తగ్గాడు. ఇద్దరు పట్టుకోబోయారు.

“వదలండి!” అని అరిచాను. “ఒక్కసారైనా ఆ పిల్లను పని పూర్తి చేయనిచ్చారా? పూర్తి చేయనివ్వకుండా ఏం చేస్తోందో మీకెలా తెలుస్తుంది?”

నేనెళ్ళి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. కుడి చెయ్యి కుడి చెంపకు ఆనించాను. నోరు తెరిచాను.

నూకరత్నం ఆగింది. ఇంతవరకు ఎవరూ తెరవలేదు కదా. పిడికిలి విప్పి, రెండు వేళ్ళు నా నోట్లోకి పోనిచ్చింది. గీరలేదు, కుక్కలేదు. వేలితో పళ్ళను ఒక్కొక్కటే తడుముకుంటూ కుడివైపు కింద, చివరి దాకా వెళ్ళి, అక్కడ ఏదో పెట్టింది. తర్వాత నా గడ్డం కింద చెయ్యి వేసి నోరు మూసింది. చెంప మీద అరచెయ్యి పెట్టి నొక్కిపట్టింది. నొక్కిపట్టి, తగ్గిందా అన్నట్టు నా కళ్ళలోకి చూసింది.

పంటి కింద అది చిట్లింది. ఘాటు ముక్కులోకి కొట్టింది.

లవంగం.

ఇన్నాళ్ళుగా ఈ పిల్ల కంటికి ఏం కనబడిందో అప్పుడు తెలిసింది. తను గుమ్మంలోకి వస్తే చాలు, పెద్దవాళ్ళందరూ చెంప పట్టుకుని తల వాలుస్తున్నారు. పాపం అందరికీ పన్ను నొప్పి! ఒక్కరికీ మందు తెలియదు! అందుకని అత్త చేత దెబ్బలు తిని మరీ డబ్బాలోంచి లవంగాలు తెస్తోంది. వీళ్ళు ఊసేస్తుంటే మళ్ళీ తెస్తోంది. ఈ బడిలో ఎదుటి మనిషి నొప్పిని చూసి మందు తెచ్చింది ఆ పిల్ల ఒక్కతే. మిగతావాళ్ళం ఏడ్చాం, మార్కులు వేసుకున్నాం.

నాకు ఏడుపొచ్చింది. టోపీ లేకుండానే.

దాలమ్మ దగ్గరికొచ్చి నా నోటి వాసన చూసింది. “ఓలమ్మ! నా లవంగాలు!” అని నేల మీద కూలబడింది. తను చీరిన పిల్ల వీపు మీద చెయ్యి వేసి నిమరబోయింది. పిల్ల తోసేసింది, ఆమెకు నా దవడ దగ్గర పనుంది.

కరుణ చెయ్యి చెంప మీదనుంచి దిగింది. “నేను ఊసేశాను మేడమ్” అంది. గుసగుసగా కాదు, మామూలుగా. “ప్రతిసారీ ఊసేశాను.” ఈసారి ఆమె ఏడవలేదు, అందుకని ఆమె మీద నాకు మొదటిసారి కాస్త ఆశ కలిగింది.

నాయుడు మాత్రం సంతకం కాగితం నా ముందు పెట్టాడు. “మరి ఇప్పుడు పిల్ల మంచిదని తేలింది కదండీ. మావాళ్ళకు పాసు వేసేయండి. అందరికీ శుభం.”

“పాసు వేస్తే చట్టం ప్రకారం పిల్లను ఎప్పుడైనా కదపొచ్చు. ఇవాళ కాకపోతే వచ్చే ఏడు” అన్నాను. “శిక్షణ లేని బడి నుంచి కదపకూడదన్నది మీరే.”

“అంటే?”

“అంటే మీ పదకొండుమందికీ శిక్షణ లేదు.”

గోల మొదలైంది, నిజమైన గోల. దూది గోడల మధ్య అందరూ గొంతులెత్తి అరిచారు. పోలినాయుడు నన్ను తిట్టాడు. నాయుడు బల్ల గుద్దాడు. సంస్థకు రాస్తానన్నాడు, నా ఉద్యోగం ఊడగొడతానన్నాడు. ఊడగొట్టుకో. ఈ రికార్డు వాడుతున్న ప్రతి కట్టకూ ఈ మాటే పంపిస్తున్నాను, చేతనైతే ముందు దాన్ని ఆపు. అంత మోతలో నూకరత్నం మొదటిసారి బడిలో నవ్వింది. దాలమ్మ సుత్తి అందుకుని నేల మీద టకటకలాడించింది.

రేపటి నుంచి శిక్షణ మళ్ళీ మొదలు. టోపీ లేదు. టీచర్లందరూ గేట్ల దగ్గర పూటంతా కూర్చుని పిల్ల చేతులు ఏం చేస్తున్నాయో చూసి చెప్పాలి. ఎవరైనా చెంప మీద చెయ్యి వేస్తే వాళ్ళకు లవంగం నమిలించే పూచీ నాది.

పలకా, ఫలితం రాసుకో.

‘మాట స్పష్టంగా లేదు. మళ్ళీ చెప్పండి’ అంటోంది పలక. నాలుక సగం మొద్దుబారి ఉంది మరి. లవంగం ఇంకా దవడలోనే ఉంది. ఉమ్మబుద్ధి కాలేదు.

మళ్ళీ చెబుతున్నాను. ఏడో కట్ట బడి. టీచర్లు పదకొండుమంది. అందరూ ఫెయిల్.

‘మెరుగుపడాల్సి ఉంది అని మార్చమంటారా?’

వద్దు.